వల వాటా

అంకాలమ్మ అవ్వ నోటికి మైపాడు ఊరంతా భయపడుతుంది. చేపల గంపతో ఆమె నెల్లూరు బస్సెక్కిందంటే, గంపకు టిక్కెట్టు అడగడానికి కండక్టరు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటాడు. అలాంటి అవ్వ, ఏప్రిల్ నెల మొదట్లో ఒక ఆదివారం పొద్దున, మనవరాలు అడిగిన ఒక్క మాటకు చేతిలోని సద్దిముద్దను మళ్ళీ గిన్నెలో పెట్టేసింది.

"అవ్వా, నా వల వాటా ఇయ్యి. రేపు ఫీజు కట్టాల."

"ఏం ఫీజు?"

"సేఫ్టీ కోర్సుది. నెల్లూర్లో. ఎనిమిది వేలు కడితే సీటు ఇస్తారంట. రేపే ఆఖరు రోజని మొన్న శుక్రవారం చెప్పినారు."

"రేపే ఎందుకంట? వాళ్ళకేమన్నా ఓడ పోతాందా?"

"వాళ్ళకు పోదు, నాకు పోతాది. ఈ నెలాఖరుకు మా కాంట్రాక్టు అయిపోతాది. కోర్సులో చేరినోళ్ళనే ఉంచుకుంటారు. మిగతావోళ్ళను ఇంటికి పొమ్మంటారు."

స్వర్ణ ఈ మాటలు చాలా మామూలుగా చెప్పింది. డబ్బు అవ్వ దగ్గర ఉందంటే రాతి కింద ఉన్నట్టే అని ఆ పిల్ల నమ్మకం. అవ్వ మాత్రం మనవరాలి మొహం చూడలేదు. గుమ్మంలోంచి సముద్రం వైపు చూసింది. నీళ్ళకూ ఆకాశానికీ మధ్య, తూర్పున, రాత్రి లేని బూడిదరంగు గీత ఒకటి కనిపించింది. అవ్వ సద్ది గిన్నెను పక్కకు నెట్టేసింది. ఎందుకంటే స్వర్ణ వల వాటా ఆ క్షణాన ఇంట్లో లేదు. ఇసుక మీద ఎండుతోంది.

అది ఇసుక మీదికి ఎలా పోయిందో చెప్పాలంటే తొలి జీతం రోజుకు పోవాలి.

స్వర్ణ అమ్మానాన్నలు చెన్నై కాసిమేడులో బోటు పని చేసుకుంటున్నారు. పిల్ల అవ్వాతాతల దగ్గరే పెరిగి, ఇంటర్ చదివి, కృష్ణపట్నంలో ఒక కాంట్రాక్టరు కింద గేటు దగ్గర పనికి కుదిరింది. లోపలికి వచ్చే లారీల నంబరూ బరువూ కంప్యూటర్లో కొట్టే పని. మొదటి జీతం బ్యాంకులో పడినట్టు ఫోను మోగగానే ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు, అవ్వ తప్ప. "ఫోను మోగితే జీతమొచ్చినట్టా? నోట్లు తెచ్చి చూపించు," అంది. మిషన్లోంచి తీసిన నోట్లను మనవరాలు తెచ్చి ఇస్తే, దేవుడి పటం ముందు కూడా పెట్టనివ్వలేదు. బియ్యం చెరిగే చేట తెచ్చి అందులో పోయమంది. తర్వాత కాళ్ళు చాపుకుని కూర్చుని, నోట్లను మూడు కుప్పలుగా పంచింది.

ఆ ఊళ్ళో వేట డబ్బును పంచే పద్ధతి అదే. పడవ ఒడ్డుకు వచ్చి చేప అమ్ముడుపోయాక, మనుషులకంటే ముందు పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా తీస్తారు. పడవకు ఆకలి లేదు, వలకు పెళ్ళాంబిడ్డలు లేరు. అయినా వాటి పాలు వాటికి పక్కన పడాల్సిందే. వల చిరిగిన రోజున మనిషి జేబులో ఏమీ ఉండదని ఆ ఊరికి బాగా తెలుసు. ఆ రెండూ తీశాకే మనుషులు పంచుకుంటారు.

"ఇది పడవ వాటా. అంటే ఇంటికి. బియ్యం, కరెంటు, మీ తాత మాత్రలు," అంటూ అవ్వ మొదటి కుప్పను తన వైపు లాక్కుంది. "ఇది వల వాటా. దీన్ని ఎవురూ ముట్టుకోకూడదు. నువ్వు గూడా."

"నాకు వల యాడుందవ్వా? నేనేమన్నా వేటకు పోతాండానా?"

"నువ్వే వల. నీ కళ్ళు, నీ బుర్ర, కంప్యూటరు మీద ఆడే నీ యేళ్ళు. అవి చిరిగిన రోజున ఏం పెట్టి కుట్టుకుంటావు? మీ తాత మీసంతోనా?"

గోడకు ఆనుకుని దారం చుట్టుకుంటున్న ముత్యాలయ్య తాత మీసం తడుముకుని ఊరుకున్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

మూడోది మనిషి వాటా. అది స్వర్ణది. అక్కడ మాత్రం పిల్లకూ అవ్వకూ పేచీ వచ్చింది. స్వర్ణ బుద్ధిమంతురాలు కదా, ఆ వాటాను కూడా వల వాటాలో కలిపెయ్యమంది. అవ్వ మెచ్చుకుంటుందనుకుంది. అవ్వ చేట ఎగరేసినంత పని చేసింది.

"మనిషి వాటా మనిషి తినాల! నోరు కట్టుకోని దాచేవోళ్ళు ఏదో ఒకనాడు పిచ్చెక్కి మొత్తం తగలేస్తారు. నా కళ్ళతో చూసినా. పో, నెల్లూరు పోయి కారం దోశ తిను. కాళ్ళకు మంచి చెప్పులు కొనుక్కో. నెలాఖరుకు దీన్లో పైసా మిగిలితే నీ ఈపు పగలగొడతా."

మనవరాలిని ఖర్చు పెట్టలేదని కొట్టబోయిన అవ్వ ఈ సముద్రపొడ్డున ఇంకెక్కడా ఉండదు. స్వర్ణ చెప్పులు కొనుక్కుంది, దోశ తింది, జడకు పెట్టుకునే క్లిప్పులు డజను కొనుక్కుంది. విచిత్రమేమిటంటే, తన వాటాలో తనకు నచ్చినది కొనుక్కునే స్వేచ్ఛ ఉన్నాక, మిగతా రెండు కుప్పల వైపు ఆ పిల్ల కన్ను పోవడం మానేసింది. ఐదు నెలలు అలాగే గడిచాయి.

కానీ అవ్వకు ఒక జబ్బుంది. డబ్బు కదలకుండా కూర్చోవడం ఆమె చూడలేదు. ఏటా వేసవిలో సర్కారు వేట ఆపేస్తుంది. ఆ రెండు నెలలూ పడవలు ఇసుక మీద ఉంటాయి, పచ్చి చేప దొరకదు, ఎండు చేప ధర చెట్టెక్కుతుంది. అందుకని నిషేధం రాకముందే అవ్వ నెత్తళ్ళనే చిన్న చేపల్ని చవకగా కొని, ఉప్పు రాసి, ఎండబెట్టి, ఆ కరువు రోజుల్లో అమ్ముకుంటుంది. ఈ వ్యాపారంలో ఆమె ఏనాడూ నష్టపోలేదు. ఈసారి మనవరాలి వల వాటా చేతిలో ఉంది. ఐదు నెలల డబ్బు, తిండి దండగ! జూన్‌లో ఒకటికి ఒకటిన్నర చేసి పిల్ల చేతిలో పోస్తే ఆ మొహం ఎలా వెలుగుతుందో ఊహించుకుని, ఒక్క మాట కూడా చెప్పకుండా, మొత్తం నెత్తళ్ళు కొనేసింది.

రెండు బస్తాలు ఎండి, మూతులు కుట్టి ఉన్నాయి. ఇంకో రెండు బస్తాల సరుకు పాత వలల మీద పరిచి ఉంది. దానికి ఇంకొక్క పూట ఎండ చాలు.

సముద్రంలో వాయుగుండం ఏదో పట్టిందని రెండు రోజులుగా అందరి ఫోన్లూ చెబుతూనే ఉన్నాయి. "ఎండాకాలంలో వానంట! ఫోనుకు ఉప్పు తెలుసా, నీళ్ళు తెలుసా?" అని అవ్వ నవ్వి పారేసింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

"ఏందవ్వా, పలకవు?"

"రా," అని లేచింది అవ్వ. "చూపిస్తా."

ఇసుకలో ముందు అవ్వ, వెనక స్వర్ణ. గుడిసెల వరస దాటాక అవ్వ ఆగి, ఎండుతున్న చేపల వైపు గడ్డం ఊపింది. స్వర్ణకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత అయింది.

"నా డబ్బంతా చేపలు చేసినావా?"

"అంతా కాదు మే పిల్లా. వల వాటానే."

స్వర్ణ అరవలేదు. అరిచి ఉంటే అవ్వకు బాగుండేది. అరిచేవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆమెకు తెలుసు. ఆ పిల్ల ఇసుకలో గొంతుక్కూర్చుని ఒక నెత్తల్ని తీసి చిదిమి చూసింది. ఇంకా మెత్తగానే ఉంది. తలెత్తి తూర్పు చూసింది. గీత ఇప్పుడు గోడయింది.

"ఎవుర్నడిగి చేసినావవ్వా? ముట్టుకోకూడదని నువ్వే గదా చెప్పింది?"

అవ్వ చెంగుతో మొహం తుడుచుకుని, "నరేంద్రబాబుకు ఫోను కొట్టు," అంది.

నరేంద్రబాబు అల్లూరు మనిషి. చిన్న లారీ వేసుకుని తీరం వెంబడి ఎండు చేప కొని నెల్లూరు మార్కెట్టుకు వేస్తాడు. మైపాడు చుట్టుపక్కలే ఉన్నాడేమో, ఫోను పెట్టేసిన కాసేపటికే లారీ ఇసుకలో ఊగుతూ వచ్చింది. దిగీ దిగగానే అతను చేపల్ని చూడలేదు. ఆకాశాన్ని చూశాడు. ఆ చూపులోనే బేరం సగం అయిపోయిందని అవ్వకు తెలిసిపోయింది.

"ఏం పెద్దమ్మా, జూన్‌దాకా పలకనన్నావు, ఇప్పుడేంది పిలిచినావు?"

"నీ మొహం చూసి శానా దినాలైందని పిలిచినా. రెండు బస్తాలు ఎండిన సరుకుంది. గలగలలాడతాంది. కిలోకు రెండొందల యాభై ఇయ్యి."

"నూట అరవై."

"నూట అరవైకి తలకాయలు గూడా రావు."

"అట్టైతే సరే, పోయొస్తా." అతను లారీ వైపు తిరిగాడు. గాలి మారింది. ఒడ్డున ఆరేసిన బట్టలన్నీ ఒక్కసారి భూమి వైపు ఎగిరాయి. నరేంద్రబాబు వెనక్కి తిరిగి నవ్వాడు. "ఇప్పుడు నూట నలభై పెద్దమ్మా. అదీ నాలుగు బస్తాలు కలిపి. సగం సగం నాకొద్దు. తీసుకుంటే మొత్తం, లేదంటే లేదు."

"పచ్చి సరుకు నీకెందుకురా?"

"మా షెడ్డులో ఫ్యాన్లున్నాయి. ఆరబెట్టుకుంటా."

అవ్వ లోపల లెక్క కట్టింది. మొత్తం ఇచ్చేస్తే పిల్ల ఫీజు కట్టొచ్చు, ఇంకా కాస్త మిగులుతుంది కూడా. కానీ కొన్న డబ్బుకూ ఉప్పుకూ కూడా రాదు. ఐదు నెలల కష్టం ఇంకొకడి షెడ్డులో ఆరి, జూన్‌లో రెట్టింపు ధరకు ఇంకొకడి పేరు మీద అమ్ముడవుతుంది. అవ్వకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఇయ్యనురా! సముద్రంలో కలిపేస్తాగానీ నీకు ఈను."

"నీ ఇష్టం. అదిగో, కలుపుకోడానికి అదే వొస్తాంది."

దూరంగా ఉరిమింది. చుట్టుపక్కల ఇళ్ళలోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఎవరి చేపలు వాళ్ళు ఎత్తుకుంటున్నారు. అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని కదలకుండా నిలబడింది. ఇంకొక్క క్షణం ఆగి ఉంటే "సరే తీసుకోరా" అనేసేదే.

అప్పుడు స్వర్ణ లారీ చుట్టూ తిరిగి వచ్చింది.

"అన్నా, ఇయి నా చేపలు. మా అవ్వవి కాదు. బేరం నాతో ఆడు."

నరేంద్రబాబు ఆ పిల్లను కొత్తగా చూశాడు. అవ్వ కూడా అంతే కొత్తగా చూసింది.

"ఎండిన రెండు బస్తాలే ఇస్తా. నూట అరవై. నువ్వు ముందు చెప్పిన రేటే."

"చెప్పినా గదమ్మా, మొత్తం అయితేనే..."

"నీ వెనక టైరు చూసుకున్నావా? ఇప్పుడే జానెడు దిగింది. నేను రోజూ లారీల్నే గదా చూసేది. వాన పడితే ఇసక బురదయితాది. బరువుతో ఉన్న బండి ఇక్కణ్ణుంచి కదల్దు. నాలుగు బస్తాలూ కాటా ఏసి ఎక్కించేసరికి వానొచ్చేస్తాది. రెండైతే వాన రాకముందే రోడ్డెక్కుతావు."

నరేంద్రబాబు వంగి టైరు చూశాడు. తర్వాత ఆకాశం చూశాడు. ఈసారి ఆ చూపులో నవ్వు లేదు.

"నూట యాభై."

"నూట అరవై. మాట్లాడే కొద్దీ దిగతాంది అన్నా."

మొదటి చినుకు లారీ రేకు మీద పడి టప్పుమంది. "కాటా దించు రా!" అని డ్రైవరును కేకేశాడు నరేంద్రబాబు. బస్తాలు తూగాయి, ఫీజుకు సరిపడా లెక్క తేలింది, లారీలో పడ్డాయి. అతను ఫోను తీసి ఏదో నొక్కి, "పంపినానమ్మా," అని ఎక్కబోయాడు.

స్వర్ణ ఫోను మోగలేదు.

"రాలా అన్నా."

"వొస్తాది. ఒడ్డున సిగ్నలుండదు గదా. నా ఫోన్లో గుండ్రంగా తిరగతాంది చూడు."

"తిరిగేది తిరగనీ," అంది అవ్వ. వెళ్ళి లారీ ముందు బంపరుకు ఆనుకుని, ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. డ్రైవరు హారను కొట్టాడు. అవ్వ చెంగు నెత్తి మీదికి లాక్కుంది. చినుకులు పెద్దవయ్యాయి. నరేంద్రబాబు కిటికీలోంచి తల బయట పెట్టి బతిమాలాడు. "పెద్దమ్మా, బండి దిగబడిపోతాది!"

"నీ బండి దిగబడితే తోస్తా. నా మనవరాలి ఫీజు దిగబడితే ఎవురు తోస్తారు?"

స్వర్ణ ఫోను చేత్తో ఎత్తి పట్టుకుని మెరకకు పరుగెత్తింది. ఒక పక్క మిగతా చేపల మీద వాన పడుతోంది. వాటి వైపు పోతే లారీ పోతుంది, లారీని కాస్తే చేపలు పోతాయి. అవ్వ కదల్లేదు. తడుస్తున్న నెత్తళ్ళను కళ్ళెదుటే చూస్తూ, పళ్ళు బిగబట్టి కూర్చుంది. చివరికి మెరక మీదినుంచి కేక వినిపించింది.

"పడింది అవ్వా! పడింది! లెయ్యి!"

అవ్వ లేచింది, లారీ గుంజుకుంటూ కదిలింది. ఇక మిగిలిన సరుకు. కప్పడానికి పట్ట తెచ్చుకునే వేళ కూడా లేదు. పక్కింటి ఎస్తేరమ్మ తన చేపలన్నీ లోపల పెట్టుకుని, పిలవకుండానే గంపతో పరుగెత్తుకొచ్చింది. ఎస్తేరమ్మకూ అవ్వకూ కుళాయి దగ్గర గొడవై, మాటలు లేక ఏడాదయింది. కానీ వాన వస్తే ఎవరి చేపలని చూడరు, ఎత్తడమే. వల నాలుగు చెంగులూ పట్టుకుని స్వర్ణ, ఎస్తేరమ్మ, అవ్వ, చేతికర్ర ఊతగా మూడు కాళ్ళ పరుగుతో వచ్చిన తాత, మూటకట్టినట్టు లాగారు. అడుగున ఉన్నవి కారిపోయి ఇసుకలో కలిశాయి. వల బరువెక్కింది. నడుస్తున్నంతసేపూ అవ్వ చేపల్నీ వాననూ నరేంద్రబాబునూ వరసపెట్టి తిట్టింది. తనను తాను మాత్రం, ఎస్తేరమ్మకు వినబడకుండా, గొణుక్కుంటూ తిట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో మంచం మీద, గూట్లో, బీరువా పైన, ఎక్కడ చోటుంటే అక్కడ నెత్తళ్ళే. తాత అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. పరిచిన దాంట్లో సగానికి సగం పోయింది. మిగిలింది ఆరుతుందో కుళ్ళుతుందో తెల్లారితేగానీ తెలియదు. ఫీజు డబ్బు మాత్రం స్వర్ణ ఖాతాలో ఉంది.

మరునాడు స్వర్ణ వద్దన్నా వినకుండా అవ్వ కూడా నెల్లూరు బయల్దేరింది. స్నానం చేసింది, పౌడరు వేసుకుంది, అయినా కోర్సు ఆఫీసులో ఏసీ గది ఒక్క నిమిషంలో మైపాడయిపోయింది. గుమస్తా కుర్రాడు ముక్కు మీదికి పోయిన చేతిని మర్యాదకు మీసం మీదికి దించుకున్నాడు.

"ఎనిమిది వేలమ్మా."

"నాయనా, నిన్న మాకు వానొచ్చిందిలే. రవంత తగ్గించు."

"అవ్వా!" స్వర్ణ చెవుల దాకా ఎర్రబడింది.

"తగ్గదమ్మా. రేటు కంప్యూటర్లో ఉంటుంది."

"కంప్యూటరుకు మా పాప చెప్తాదిలే, దానికి బాగా వొచ్చు."

కంప్యూటరు వినలేదు. ఎనిమిది వేలూ పోయాయి, స్వర్ణకు సీటు వచ్చింది. ఇద్దరూ మైపాడు బస్సెక్కారు. ఊరి బయట పొలాలు మొదలయ్యాక స్వర్ణ కిటికీలోకి చూస్తూ అంది.

"వొచ్చే నెల నుంచి వల వాటా నేనే బ్యాంకులో వేసుకుంటా."

అవ్వ అలవాటుగా వెంట తెచ్చుకున్న ఖాళీ గంపను ఒడిలోకి లాక్కుంది.

"బ్యాంకులో వాన పడదా?"

"పడదు."

"ఎండ?"

"ఎండా పడదు. పెద్దగా పెరగదు, పోనూ పోదు."

"పెరగని డబ్బు కూడా ఒక డబ్బేనా? సగం అక్కడ వేసుకో. సగం నాకియ్యి."

"ఈను."

"పావలా వంతు."

"అడక్కుండా కొన్న దానివి నువ్వు. నీకు బేరం లేదు."

అవ్వ నోరు మూతపడింది. అలా మూతపడడం చూసి వెనక సీటులోని ఎరిగినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు స్టాపులు పోయాక, జీవితంలో మొదటిసారి, ధర తగ్గించకుండా, గొంతు పెంచకుండా అవ్వ అడిగింది.

"సరే. ఇప్పుడు అడగతాండా. పావలా వంతు ఇస్తావా?"

స్వర్ణ వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"పోతే పోయినట్టే అనుకునేంత ఇస్తా. పావలా కాదు, అందులో సగం. కొనేముందు నాకు చూపించాల."

"చూపిస్తాలే మే," అంది అవ్వ. మనవరాలు మొహం తిప్పుకున్నాక వెనక సీటు వైపు తిరిగి, అందరికీ వినబడేలా, "చూడండి, ఎంత కఠినమైన షావుకారో!" అని వాపోయింది. ఆ గొంతులో ఏడుపు కంటే మురిపెమే ఎక్కువ వినపడింది.